చీమకుర్తి రాయి, కొత్తపట్నం నురుగు

మొన్న ఆదివారం ఒంగోలు దగ్గరి కొత్తపట్నం సముద్రతీరానికి వెళ్లొచ్చాను. రాత్రంతా గాలి గట్టిగా తోలింది కాబట్టి ఒడ్డుకి ఏవో కొట్టుకొచ్చి ఉంటాయని తెలుసు, అందుకే తెల్లవారేసరికి అక్కడున్నా. సముద్రపు నురుగు ఏరుకోవడానికి. అలల మీద తేలే నురుగు కాదు, మూలికల అంగళ్లలో ఆ పేరుతో అమ్మే తెల్లటి బిళ్ల ఒకటుంటుంది, అరచేతంత పొడుగు, పడవ ఆకారం, ఒకవైపు పెంకులా గట్టిగా, రెండోవైపు గోటితో గీస్తే సుద్దలా రాలిపోయేంత మెత్తగా. కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లో ఎముకలా ఉండేది అదే. చాలా తేలిక, అందుకే ఆ జీవి చచ్చిపోయాక నీళ్ల మీద తేలుతూ ఒడ్డుకొస్తుంది. ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే కాబట్టి పక్షుల్ని పెంచేవాళ్లు పంజరంలో కట్టి వేలాడదీస్తారు.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను చాలాసేపు చూసి, "ఏమ్మా, చిలకలకా?" అన్నాడు. "కాదు బాబాయ్, వెండి పోసుకోవడానికి" అన్నా. ఆయనకి అర్థం కాలేదు. ఫోన్‌లో నేను చేసిన కమ్మలు చూపించి, వీటి మీద సన్నటి గీతలున్నాయి చూడు, అవి ఈ నురుగులో ఉన్న గీతలే అని చెప్తే, వల పక్కన పెట్టి లేచి తనూ వెతకడం మొదలుపెట్టాడు. ఇద్దరం కలిసి పదకొండు ఏరాం. ఒక్కటి కూడా విరగలేదు. వచ్చే దారంతా సంచి ఒళ్లో పెట్టుకునే కూర్చున్నా.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసే వెండి నగలు కొన్నవాళ్లూ కొనాలనుకునేవాళ్లూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఇది జాతిరాయేనా?" కాదు. నేను వాడేవి చీమకుర్తి నల్లరాయి, సైదాపురం వైపు పొలం గట్ల మీద పడుండే పలుగురాయి. ఎవరూ లాకర్లో దాచుకోని రాళ్లు. అయినా వాటి కోసమే రోజుకి ఎనిమిది గంటలు కూర్చుంటున్నా. ఎందుకో ఒకసారి వివరంగా రాయాలనిపించింది.

మాది చీమకుర్తి. ఒంగోలు నుంచి ఇరవై కిలోమీటర్లు. రామతీర్థం పక్కన క్వారీలు చూసినవాళ్లకి తెలుసు, కొండ ఉండాల్సిన చోట లోయ ఉంటుంది, అంచున నిలబడి చూస్తే లోపల లారీలు అగ్గిపెట్టెల్లా కనపడతాయి. అక్కడ దొరికేదే గెలాక్సీ గ్రానైట్. నల్లటి రాయిలో రాగి రంగు, బంగారు రంగు మెరుపులు చల్లినట్టుంటాయి. పేరుకి గ్రానైట్ అంటాం గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి రాయి. లోపలెక్కడో కరిగిన రాతిద్రవం నెమ్మదిగా చల్లారేటప్పుడు బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు పలుకులుగా కట్టింది, వెలుగు పడితే మెరిసేవి అవే. ఈ రాయి బ్లాకులుగా కోసి ఓడలెక్కి దేశదేశాలు పోతుంది. ఎక్కడెక్కడో హోటళ్ల నేలలు, వంటింటి గట్లు మా ఊరి రాయే. మా ఊళ్లో మాత్రం దాంతో చేసిన చిన్న వస్తువు ఒక్కటీ ఉండేది కాదు.

నాన్న ఇరవై ఏళ్లకి పైగా పాలిషింగ్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషను మీద చేస్తున్నాడు. చిన్నప్పుడు అచ్చనగాయలు ఆడుకోమని గెలాక్సీ ముక్కలు నున్నగా చేసి తెచ్చేవాడు. ఊళ్లో మిగతా ఆడపిల్లలు గులకరాళ్లతో ఆడితే నేను వాటితో ఆడేదాన్ని, పైకి ఎగరేసినప్పుడు ఎండకి ఒక్కసారి మెరిసి అరచేతిలోకి దిగేవి. ఆ మెరుపు నాకు అలాగే ఉండిపోయింది. డిగ్రీ అయ్యాక ఒంగోల్లో ఒక ఆఫీసులో లెక్కలు రాసే పని చేశా, రెండేళ్లు. ఆ రెండేళ్లూ టేబుల్ మీద పేపర్‌వెయిట్‌గా ఆ ముక్కల్లో ఒకటి ఉండేది. ఒకరోజు దాన్ని మెళ్లో వేసుకుంటే ఎలా ఉంటుందా అనుకున్నా. అంతే, అక్కడి నుంచే మొదలు.

రాయి కోయడం నాన్న నేర్పాడు. మొదటి రోజు మొదటి మాట, "నీళ్లు ఆపొద్దు." చక్రం తిరుగుతున్నంతసేపూ దాని మీద నీళ్లు పడుతూనే ఉండాలి. వేడికి రాయి పగలకుండా ఒకటి, అంతకంటే ముఖ్యం దుమ్ము లేవకుండా. పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు, సిలికోసిస్ అంటారు, దానికి మందు లేదు. నాన్నతో పనిచేసినవాళ్లలో దగ్గుతూ దగ్గుతూ ఇంటికే పరిమితమైపోయినవాళ్లని చూశా. అందుకే ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరైనా పొడిపొడిగా రాయి అరగదీస్తూ, ముక్కుకి కనీసం గుడ్డ కూడా లేకుండా వీడియో పెడితే నాకు నిజంగా భయమేస్తుంది. నీళ్లు పెట్టుకోండి, మాస్కు పెట్టుకోండి, దయచేసి.

గెలాక్సీ రాయిలో కష్టమంతా ముక్క ఎంచుకోవడంలోనే ఉంది. గజం పలక మీద మెరుపులు చుక్కల్లా కనిపిస్తాయి, అదే పలకలో వేలిగోరంత ముక్క కోస్తే అందులో ఒక్క మెరుపు కూడా ఉండకపోవచ్చు. అప్పుడది మామూలు నల్లరాయి. కాబట్టి ముందు ముక్కని నీళ్లలో తడిపి, ఎండలో అటూ ఇటూ తిప్పుతూ మెరుపు ఎక్కడుంది, ఏ కోణంలో పలుకుతోంది చూసుకుని, పెన్సిల్‌తో గుండ్రంగా గీసుకుని అప్పుడు కోస్తా. తర్వాత కర్ర చివర లక్క కరిగించి రాయిని దానికి అతికించి, గరుకు చక్రం నుంచి నున్న చక్రం దాకా ఒక్కోటీ మారుస్తూ పైభాగం ఉబ్బుగా, చింతగింజ వీపులా వచ్చేదాకా అరగదీయాలి. తొందరపడితే అంచు దగ్గర ఒక పలుకు ఊడి గుంట పడుతుంది. గుంట పడిందా, మొత్తం మళ్లీ కిందికి దించాల్సిందే. ఒక్కో రాయికి రెండు గంటలు, మూడు గంటలు.

వెండి మాత్రం నాన్నకి తెలీదు. దానికి ఒంగోల్లో ట్రంకు రోడ్డు వెనక సందులో ఉండే ఆచారి తాత దగ్గరికి వెళ్లా. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు ఆ సందులో పొద్దున్నుంచి రాత్రిదాకా సుత్తి చప్పుడు వినపడేదట, ఇప్పుడు మెట్టెలూ పట్టీలూ సేలం నుంచి, రాజ్‌కోట్ నుంచి కిలోల లెక్కన వస్తున్నాయి, తాతకి మిగిలింది తెగిన గొలుసు అతకడం, వదులైన మెట్టె బిగించడం. నేను నేర్చుకుంటా అంటే వెంటనే ఒప్పుకోలేదు. నా చేతులు పట్టుకుని చూసి, "ఏందమ్మాయ్, ఇవి రాయి పట్టిన చేతులు. రాయి నీతో ఎదురు తిరుగుతుంది, నువ్వు దాన్ని గెలవాల. వెండి అట్టా కాదు, చెప్పినట్టు వింటది, అందుకనే దాన్ని ఎక్కువ కొట్టకూడదు" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. వెండి రేకుని దాగలి మీద పెట్టి కొడుతుంటే మొదట మైనంలా సాగుతుంది, కాసేపటికి బిగుసుకుపోతుంది, ఇంకా కొడితే అంచులు చీలతాయి. "అలిసిపోయింది, కాల్చు" అనేవాడు తాత. నిప్పు చూపించి లేత ఎరుపు రాగానే ఆపి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. పగలంతా వెలుతురున్న గదిలో ఆ లేత ఎరుపు కనపడదు, అందుకే తాత కుంపటి ఎప్పుడూ గదిలో చీకటి మూలనే ఉంటుంది. నేను మొదట్లో కిటికీ పక్కన కూర్చుని కాల్చి రెండు రేకులు కరిగించేశా.

కమ్మచ్చులో నుంచి, అంటే వరసగా చిల్లులున్న పలకలో నుంచి తీగ లాగడం, వెలిగారం నూరి అతుకు పెట్టడం, శ్రావణంతో, అంటే చిన్న పట్టకారుతో ఆవగింజంత ముక్కని పట్టుకోవడం, అన్నీ అక్కడే. మంటకి నల్లబడ్డ వస్తువుని చింతపండు నీళ్లలో మరగబెడితే తెల్లగా తేలుతుంది. ఆ తర్వాత కుంకుడుకాయ రసం పోసి ఇత్తడి బ్రష్‌తో రుద్దితే వచ్చే మెరుపు ఉంది చూడండి, మిషన్ పాలిష్‌కి అది రాదు. మిషన్ మెరుపు అద్దంలా ఉంటుంది, ఇది పాల మీగడలా ఉంటుంది. నాకు రెండోదే ఇష్టం.

మేలిమి వెండి మరీ మెత్తన, ఉంగరం చేస్తే వారంలో వంకర పోతుంది. అందుకే 37 గ్రాముల వెండికి 3 గ్రాముల రాగి కలుపుతా, సరిగ్గా 92.5 శాతం, 925 అని ముద్ర చూస్తారే అదే. రాయి చుట్టూ కట్టే పట్టీ మాత్రం మేలిమి వెండితోనే, అది మెత్తగా రాయి మీదకి ఒదుగుతుంది కాబట్టి. నిప్పు పనంతా అయిపోయాకే రాయి పొదుగుతా. రాయి పెట్టాక మంట చూపిస్తే పగుళ్లే.

ఇక ఆకారాలు. ప్రకృతి డిజైన్లు అంటే ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటున్నారు చాలామంది, అది కాదు. మామిడి పిందెల హారం, మల్లెమొగ్గల దండ, చామంతి బిళ్ల, మిరియాల గొలుసు... మన నగల పేర్లు ఒక్కసారి తలుచుకోండి, సగం తోటలోవీ చేలోవీ. మన కంసాలి ఎప్పుడూ గుమ్మం బయట చూసిందే చేశాడు. నేనూ అదే చేస్తున్నా, కాకపోతే మా గుమ్మం బయట మామిడితోట లేదు. తుమ్మచెట్లున్నాయి, పల్లేరు కంప ఉంది, కొత్తపట్నం పోతే సరుగుడు తోటలున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది పల్లేరుకాయ. చెప్పుల్లేకుండా చేలో నడిచినవాళ్లందరికీ దాని సంగతి తెలుసు, అరికాల్లో దిగితే పైప్రాణాలు పైనే పోతాయి. కానీ ఒకసారి దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. ఐదు పలుకులు ఒకదానికొకటి ఆనుకుని గుండ్రంగా, ఒక్కో పలుకుకీ రెండు పెద్ద ముళ్లు, నక్షత్రంలా ఉంటుంది. ఎండాక పలుకులు దేనికది విడిపోతాయి. నేను అలాగే చేశా, ఒక్కో పలుకునీ విడిగా పోసి.

దీనికే సముద్రపు నురుగు. బిళ్లని నిలువునా రెండుగా కోసి, కోసిన ముఖాలు రెండూ ఒకదానితో ఒకటి రుద్ది చదును చేసి, మధ్యలో ఎండిన పల్లేరు పలుకు పెట్టి మెల్లగా నొక్కితే రెండు వైపులా అచ్చు పడుతుంది. వెండి పోయడానికి పైనుంచి గరాటులా దారి తవ్వాలి, గాలి పోవడానికి సన్నగా గీతలు గీయాలి, రెండు చెక్కలూ కలిపి తీగతో కట్టాలి. మూసలో వెండి కరిగి అద్దంలా తిరుగుతున్నప్పుడు ఒక్క ఊపులో పోసేయాలి. ఆగితే సగంలోనే గడ్డకడుతుంది. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, కాబట్టి ఆరుబయటే పోస్తా. ఒక అచ్చు ఒక్కసారికే, ఆ వేడికి మాడి నల్లబడిపోతుంది. ఇంకోటి కావాలంటే ఇంకో నురుగు.

విప్పి చూసినప్పుడు వెండి మీద అలల్లాంటి గీతలుంటాయి. ఆ జీవి పెరిగేకొద్దీ ఎముకలో పొర మీద పొర కట్టిన గీతలు అవి. ఏ పనిముట్టుతోనూ నేను ఆ గీతలు చెక్కలేను. కాబట్టి వాటిని అరగదీసి నున్నగా చేయమని దయచేసి అడగొద్దు, ఆ ఒక్కటి చేయను. ఆ గీతలు ఇంకా బాగా తెలియాలంటే ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనతో పాటు వస్తువుని ఒక డబ్బాలో మూసిపెడతా. పచ్చసొనలో ఉండే గంధకానికి వెండి నల్లబడుతుంది, తర్వాత పైపైన రుద్దితే ఎత్తులు తెల్లగా, పల్లాలు నల్లగా నిలుస్తాయి.

ముళ్ల చివర్లు మాత్రం గుండ్రంగా చేశా. మొదటి జత అమ్మ పెట్టుకుంది, రాత్రి పడుకుంటే మెడకి గుచ్చుకున్నాయంది. పల్లేరుకాయకి ముల్లు లేకపోతే ఎలా అని రెండు రోజులు ఆలోచించి, చివరికి చెవికి తగిలే వైపు ముళ్లు వంచి, ముందువైపు ఉంచి, కొసల్లో చిన్న వెండి గుండు నిలిపా. మధ్యలో గెలాక్సీ రాయి. అమ్మ ఇప్పటికీ అవే పెట్టుకుని తిరుగుతోంది, చుట్టాలొస్తే "పల్లేరుకాయలు" అని తనే చెవి ముందుకి చాపి చూపిస్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2025 మొదట్లో కిలో వెండి లక్ష లోపు ఉండేది, ఆ ఏడాది చివరికి రెండు లక్షలు దాటేసింది. ఎనిమిది గ్రాముల కమ్మలకి వెండి ఖర్చే రెట్టింపు అయింది. ముందు తీసుకున్న ఆర్డర్లు పాత రేటుకే చేసి ఇచ్చా, మాట ఇచ్చాను కాబట్టి, కానీ ఆ మూడు నెలలు చాలా టెన్షన్ పడ్డా. అప్పట్నుంచి పని చేసే గుడ్డ దులిపిన పొడి కూడా డబ్బాలో దాస్తున్నా. వెండి నాణ్యత గురించి అనుమానం ఉన్నవాళ్లు హాల్‌మార్క్ అడగండి, తప్పేం లేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికి కూడా హెచ్‌యూఐడీ నంబరుతో, అంటే ఒక్కో వస్తువుకీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరుతో హాల్‌మార్క్ వేస్తున్నారు, బంగారంలా తప్పనిసరి కాదు, ఇష్టమైనవాళ్లు వేయించుకోవచ్చు.

బాధపడ్డది మాత్రం డబ్బు దగ్గర కాదు. హైదరాబాద్‌లో ఒక షాపువాళ్లు పన్నెండు వస్తువులు తీసుకున్నారు, అమ్మకానికి పెడతామని. నెల తర్వాత వేరే పని మీద వెళ్లి చూస్తే అద్దాల పెట్టెలో నా లాకెట్లు, పక్కన చీటీ మీద "ఇటాలియన్ బ్లాక్ స్టోన్". అదేంటండీ అంటే, చీమకుర్తి అంటే ఎవరూ కొనరమ్మా, వంటింటి గట్టు రాయి కదా అన్నారు. నేను వాదించలేదు. పన్నెండూ కాగితంలో చుట్టుకుని బస్సెక్కా. నాన్న నీళ్లలో నిలబడి కోసే రాయి అది, ఆ పేరు తీసేసి అమ్మితే నాకొచ్చే డబ్బుని ఇంట్లో ఏ మొహం పెట్టుకుని ఖర్చు పెట్టను? ఇప్పుడు ప్రతి వస్తువు వెనకా వెండి మీద "చీమకుర్తి" అని చిన్న అక్షరాలతో చెక్కుతున్నా. దానికి ఇంకో అరగంట పడుతుంది, పట్టనీ.

పోయిన నెలలో సైదాపురం దగ్గరి పల్లె నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. అభ్రకం గనుల ప్రాంతం అది, భూమిలో ఎక్కడ తవ్వినా మెరుస్తూ ఉంటుంది. వాళ్ల నాన్న పోయాక పొలం అమ్మేశారట. అమ్మే ముందు రోజు అక్కాచెల్లెళ్లిద్దరూ వెళ్లి, దున్నేటప్పుడు అడ్డొచ్చిన రాళ్లన్నీ వాళ్ల నాన్న ఏరి గట్టు మీద వేసిన కుప్పలో నుంచి ఒక పలుగురాయి తెచ్చుకున్నారు. కొబ్బరికాయంత ఉంది. "దీంట్లో నుంచి ఏమన్నా చేస్తావామ్మా, ఇద్దరికీ?" అంది. పాలలా తెల్లగా, అక్కడక్కడా సన్నగా అభ్రకం రేకులు ఇరుక్కుని ఉన్నాయి. పలుగు గట్టి రాయే, గాజుని గీస్తుంది, కానీ అభ్రకం గోటికి కూడా ఊడొచ్చేంత మెత్తన. రెండూ కలిసి ఉన్న రాయిని అరగదీయడం చాలా కష్టం, ఒకటి నిలబడితే ఒకటి రాలిపోతుంది. వద్దని చెబుదామనుకున్నా. నాన్న రాయిని చేతిలో తిప్పి తిప్పి చూసి, అభ్రకం పొర అంచుకి రాకుండా మధ్యలో ఉండేట్టు కోస్తే నిలబడుతుంది అని తనే గీత గీసిచ్చాడు.

మొదటి రెండు ముక్కలూ పగిలాయి. మూడోది నిలబడింది. దాన్ని మధ్యకి కోస్తే ఒకే పొర రెండు ముక్కల్లోనూ వచ్చింది, ఒకదాన్ని ఇంకోదాని పక్కన పెడితే గీత కలుస్తుంది. చుట్టూ వేరుశనగ తీగలా వెండి తీగ అల్లాను, ఆ పొలంలో వాళ్లు ఎక్కువగా వేసింది వేరుశనగే అని చెప్పింది కాబట్టి. రెండు లాకెట్లకీ పదహారు రోజులు పట్టింది.

తీసుకోవడానికి ఇద్దరూ కలిసి వచ్చారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెద్దావిడ రెండు లాకెట్లనీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని గీత కలిపి చూసుకుంది. డబ్బులిచ్చి, గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, "పగిలిన ముక్కలున్నాయామ్మా, పారేశావా?" అంది. పారేయలేదు. కోతలో మిగిలిన పెచ్చులు, మిషను కింద తొట్టిలో పేరుకున్న తెల్లటి బురద, అంతా ఎండబెట్టి ఒక కవర్లో కట్టి ఉంచా. ఆ కవరు తీసుకుని కొంగులో మూటకట్టుకుంది.